వెబ్‌సైట్ ఎందుకు తెల్లబోతుంది? సింటాక్స్ ఎర్రర్లు, హ్యాక్ మిగిల్చే చిక్కులు

క్లుప్తంగా: సింటాక్స్ ఎర్రర్, అంటే కోడ్ రాతలో వ్యాకరణ తప్పు, వచ్చినప్పుడు కనిపించే లైన్ నంబర్, సర్వర్ చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది. తప్పు తరచూ దానికి పైనెక్కడో ఉంటుంది. ఎవరూ ముట్టుకోని సైట్లో ఎర్రర్ పుట్టిందంటే సర్వర్‌లో పీహెచ్‌పీ (సైట్ కోడ్ రాసిన భాష) వెర్షన్ మారి ఉండాలి, అప్‌డేట్ సగంలో ఆగి ఉండాలి, లేదా బయటివాళ్లు ఫైళ్లలో చెయ్యి పెట్టి ఉండాలి. మూడోదే కారణమైతే, ఆ ఒక్క లైన్ సరిచేయగానే సైట్‌తో పాటు దొంగ కోడ్ కూడా మళ్లీ నడుస్తుంది.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు అమ్మే దుకాణం, హనుమకొండ నయీంనగర్‌లో కోచింగ్ సెంటర్, ఏనుమాములలో మిర్చి వ్యాపారి, జగిత్యాలలో గల్ఫ్ ప్రయాణాల ఏజెన్సీ. వ్యాపారాలు వేరైనా ఇలాంటి చోట్ల వెబ్‌సైట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడో, తెలిసిన డిజైనరో ఒకసారి వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసి ఇస్తాడు. హోస్టింగ్‌కు ఏడాదికోసారి డబ్బు కడతారు. ఆ తర్వాత ధరలు మార్చడం, ఫొటోలు ఎక్కించడం దుకాణంలో కంప్యూటర్ తెలిసిన మనిషి పని.

ఒకరోజు పొద్దున సైట్ తెరిస్తే తెల్ల పేజీ. లేదా ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం: ఈ వెబ్‌సైట్‌లో క్రిటికల్ ఎర్రర్ వచ్చింది అని. తయారు చేసిన కుర్రాడు ఈపాటికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటాడు. హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే 'సర్వర్ బాగానే ఉంది, మీ కోడ్‌లోనే సింటాక్స్ ఎర్రర్' అంటారు. అసలు టెన్షన్ అక్కడి నుంచి మొదలవుతుంది. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు కదా, మరి తప్పు ఎలా పుట్టింది?

## చదవడం వేరు, నడపడం వేరు

వర్డ్‌ప్రెస్ రాసింది పీహెచ్‌పీ భాషలో. సర్వర్ ఒక పీహెచ్‌పీ ఫైల్‌ను తీసుకోగానే నడపడం మొదలుపెట్టదు. ముందు మొత్తం ఫైల్‌ను చదివి, వ్యాకరణం కుదిరిందో లేదో చూస్తుంది. ఈ పని చేసే భాగం పేరు పార్సర్. వాక్యం చివర సెమీకోలన్ ఉందా, తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్ మూసుకుందా, కొటేషన్ గుర్తులు జతగా ఉన్నాయా అన్నదే దాని లెక్క. కోడ్ మంచి పని చేస్తుందా, చెడ్డ పని చేస్తుందా అన్నది దానికి పట్టదు.

అందుకే 300వ లైన్‌లో ఒక్క బ్రాకెట్ పోతే 1వ లైన్ కూడా నడవదు. చిన్న తప్పుకు సైట్ మొత్తం పడిపోవడం చాలామందికి అన్యాయంగా తోస్తుంది. కానీ పీహెచ్‌పీ లెక్కలో సగం సరైన ఫైల్ అంటూ ఏదీ ఉండదు. ఆ ఫైల్ థీమ్‌లోని (సైట్ రూపాన్ని నిర్ణయించే ప్యాకేజీలోని) ఫంక్షన్స్ ఫైల్ అయితే అడ్మిన్ పేజీ కూడా తెరుచుకోదు, ఎందుకంటే అడ్మిన్‌లోకి వెళ్లేటప్పుడు కూడా వర్డ్‌ప్రెస్ అదే ఫైల్‌ను పిలుస్తుంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే.

దీనికి విరుగుడుగా 2019 మే నెలలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2లో రికవరీ మోడ్ పెట్టారు. అదనపు సౌకర్యాల కోసం పెట్టుకునే ప్లగిన్‌లోనో థీమ్‌లోనో ఇలాంటి ఎర్రర్ వస్తే అడ్మిన్ ఈమెయిల్‌కు ఒక లింక్ వెళ్తుంది. దాంతో లోపలికి వెళ్లి ఆ ప్లగిన్‌ను ఆపేయవచ్చు. ఏర్పాటు మంచిదే, కానీ ఆ ఈమెయిల్ ఎవరిది? సైట్ తయారు చేసిన కుర్రాడిదో, పాస్‌వర్డ్ మర్చిపోయిన పాత జీమెయిలో అయితే లింక్ వచ్చినట్టే తెలియదు. లింక్ గడువేమో ఒక్క రోజు.

## లైన్ నంబర్ ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

దర్రీల దుకాణం సైట్లో ఒక ఫైల్ ఇలా ఉందనుకుందాం. పీహెచ్‌పీలో వేరియబుల్ పేర్లు, అంటే విలువలు దాచుకునే పేర్లు, తెలుగులో పెట్టినా చెల్లుతాయి కాబట్టి ఇది నిజంగానే సర్వర్ చదవగలిగే కోడ్:

లైన్ 7: $పేరు = 'దర్రీ';
లైన్ 8: $ధర = 850
లైన్ 9: // ధర రూపాయల్లో
లైన్ 10: // పండగ డిస్కౌంట్ తీసేశాం
లైన్ 11: $రంగు = 'ఎరుపు';

850 తర్వాత సెమీకోలన్ లేదు. కానీ సర్వర్ చెప్పేది: లైన్ 11లో అనుకోని వేరియబుల్ వచ్చింది అని. 11వ లైన్‌ను ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకదు. పార్సర్ దృష్టిలో 8వ లైన్ ఇంకా పూర్తి కాలేదు. 850 తర్వాత కూడిక గుర్తో, తీసివేత గుర్తో రావచ్చని ముందుకు వెళ్తుంది. స్లాష్‌లతో మొదలయ్యే కామెంట్లను, అంటే మనుషుల కోసం రాసిన గమనికలను, దాటేస్తుంది. 11లో కొత్త వేరియబుల్ తగిలాకే ఆగిపోతుంది. మగ్గం మీద పడుగు పోగు ఒకటి తప్పుగా ఎక్కితే అది కంటపడేది కొంత నేశాకే. కొత్తవాడలో మగ్గం తెలిసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఎర్రర్ చూపిన లైన్ నుంచి పైకి చదువుతూ వెళ్లడమే దారి. కామెంట్లు, ఖాళీ లైన్లు వదిలేసి, దానికి ముందున్న అసలు కోడ్ లైన్ చివర చూస్తే సగం కేసులు అక్కడే తేలతాయి.

బ్రాకెట్ మూయకపోతే కథ ఇంకాస్త ముదురుతుంది. ఫైల్ చివరి దాకా వెళ్లి, 'ఫైల్ అనుకోకుండా అయిపోయింది' అని సర్వర్ చేతులెత్తేస్తుంది. 800 లైన్ల ఫైల్ అయితే లైన్ నంబర్ 800 దగ్గరే ఉంటుంది. 2020 నవంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 8.0 నుంచి సందేశం కొంత మెరుగైంది. ఏ లైన్‌లో తెరిచిన బ్రాకెట్ మూసుకోలేదో కూడా చెబుతోంది. అయితే దాన్నీ గుడ్డిగా నమ్మడానికి లేదు. లోపలి బ్రాకెట్ ఒకటి మూయడం మరిచిపోతే, బయటి బ్రాకెట్ కోసం రాసిన మూత దానికి సరిపోతుంది. ఆఖరుకు మూత దొరకకుండా మిగిలేది బయటి బ్రాకెట్. సర్వర్ దాని లైన్ నంబరే చెబుతుంది. పాపం ఒకరిది, పేరు ఇంకొకరిది.

కొటేషన్ గుర్తు పోయినప్పుడు మాత్రం ఎర్రర్ సందేశమే వింతగా ఉంటుంది. తెరిచిన కోట్ తర్వాతి కోట్ దొరికేదాకా మధ్యలోని కోడ్‌నంతా మింగేస్తుంది. అక్కడి నుంచి లోపలిది బయట, బయటిది లోపల అవుతుంది. ఎక్కడో దూరంగా ఉన్న మామూలు మాటను పట్టుకుని సర్వర్ 'ఇదేమిటి' అంటుంది. రంగులు చూపే ఎడిటర్‌లో తెరిస్తే పది సెకన్లలో దొరికే తప్పు ఇది, ఎందుకంటే ఆ కోట్ దగ్గర్నుంచి కోడ్ రంగు మొత్తం మారిపోయి ఉంటుంది. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లోని నలుపు తెలుపు పెట్టెలో, అదీ ఫోన్ మీద వెతికితే పూట గడిచిపోతుంది.

## ఒక్కో భాషకు ఒక్కో ఓర్పు

అన్ని తప్పులూ సైట్‌ను పడగొట్టవు. వెబ్ పేజీలో కలిసి పనిచేసే భాషల్లో ఒక్కోదాని ఓర్పు ఒక్కోలా ఉంటుంది. పేజీ నిర్మాణాన్ని చెప్పే హెచ్‌టీఎంఎల్ అన్నిటికంటే ఉదారం: ట్యాగ్ మూయకపోయినా బ్రౌజర్ తనకు తోచినట్టు సర్దుకుని పేజీ చూపిస్తుంది. పేజీ అడుగు భాగం పక్కకు జరిగిందంటే, ఫాంట్ అంతా బోల్డ్ అయిందంటే అనుమానం దాని మీదే. రంగులు, అమరిక చూసే సీఎస్ఎస్ తనకు అర్థం కాని ముక్కను వదిలేసి ముందుకు పోతుంది. బటన్లను పనిచేయించే జావాస్క్రిప్ట్‌లో తప్పుంటే ఆ స్క్రిప్ట్ మొత్తం నడవదు, మిగతా పేజీ కనిపిస్తూనే ఉంటుంది. ఆర్డర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం దీని లక్షణం. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో తప్పు కనిపిస్తుంది. పీహెచ్‌పీ ఓర్పు సంగతి పైన చూశాం.

వీటన్నిటికంటే కఠినమైంది కోడ్ అని ఎవరూ అనుకోని ఒక చిన్న ఫైల్: చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్, అంటే ఆ ఫోల్డర్ విషయంలో సర్వర్ పాటించాల్సిన నియమాల ఫైల్. అందులో ఒక్క మాట స్పెల్లింగ్ తప్పినా ఆ ఫోల్డర్‌లోని ఫొటోలు సహా అన్నీ 500 ఎర్రర్ (సర్వర్ వైపు లోపం) ఇస్తాయి. కాబట్టి తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. సైట్లోని ఏదైనా ఫొటో అడ్రస్‌ను నేరుగా తెరిచి చూడటం. ఫొటో వచ్చిందంటే తప్పు చాలావరకు పీహెచ్‌పీలో ఉన్నట్టు. ఫొటోకీ 500 వస్తే ముందు హెచ్‌టీయాక్సెస్ పేరు మార్చి చూడాలి.

## తెలుగు టైపింగ్ తెచ్చే చిక్కులు

ఇంగ్లిష్ పాఠాల్లో పెద్దగా కనిపించని సమస్య ఒకటి తెలుగు సైట్లకు ప్రత్యేకం. 'వెబ్‌సైట్', 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలు సరిగ్గా కనిపించాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని టైప్ చేయాలి. తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపేది అదే. కొన్ని తెలుగు కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి. రాతలో దానివల్ల నష్టం లేదు. కోడ్‌లో పడితేనే గొడవ.

విచిత్రం ఏమిటంటే పీహెచ్‌పీ దీన్ని సింటాక్స్ ఎర్రర్‌గా కూడా చూడదు. ఇంగ్లిష్ అక్షరమాలకు బయటి గుర్తులను వేరియబుల్ పేరులో భాగంగా ఒప్పుకుంటుంది కాబట్టి, చివర ఆ కనిపించని అక్షరం ఉన్న $సైజ్, లేని $సైజ్ రెండూ వేర్వేరు వేరియబుల్స్ అవుతాయి. తెర మీద రెండూ కవల పిల్లలు. ఒకదాంట్లో విలువ పెట్టి రెండో దాన్ని అడిగితే ఖాళీ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోనూ ఆ రెండు పేర్లూ వేర్వేరే. కళ్లతో వెతికి లాభం లేదు. కనిపించని అక్షరాలను గుర్తుపెట్టి చూపే ఎడిటర్ ఉండాలి, లేదా ఆ పేరును చెరిపేసి చేత్తో మళ్లీ టైప్ చేయాలి.

వంకర కోట్స్ ఇంకో బెడద. కోడ్‌కు కావాల్సింది నిటారుగా ఉండే కోట్. ఐఫోన్‌లో టైప్ చేసినా, వర్డ్ ఫైల్‌లో పెట్టినా అవి వంగిపోతాయి. కోడ్ బ్లాక్‌లో పెట్టకుండా రాసిన కోడ్‌లోని కోట్స్‌ను వర్డ్‌ప్రెస్ కూడా పేజీలో అందంగా వంచి చూపిస్తుంది. అంటే వర్డ్‌ప్రెస్ గురించి వర్డ్‌ప్రెస్‌లోనే రాసిన పాఠం నుంచి కాపీ చేసిన కోడ్, వర్డ్‌ప్రెస్ సైట్‌ను పడగొట్టగలదు. వంకర కోట్స్ మధ్య ఒకే మాట ఉంటే 'అలాంటి కాన్‌స్టంట్ లేదు' అన్న ఎర్రర్ వస్తుంది. రెండు మాటలుంటే సింటాక్స్ ఎర్రర్. ఒకే తప్పుకు రెండు రకాల ఫిర్యాదులు రావడంతో రెండు వేర్వేరు జబ్బులనుకుని వెతికేవాళ్లు ఎక్కువ.

మూడోది నోట్‌ప్యాడ్ సంగతి. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు ఉన్న ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే మొదట్లో మూడు కనిపించని బైట్లు చేరేవి. ఆ మూడూ ఫైల్‌లోని మొదటి కోడ్ కంటే ముందు బయటికి వెళ్లిపోవడం వల్ల, లాగిన్ దగ్గర 'హెడర్లు అప్పటికే పంపబడ్డాయి' అన్న మొర వినిపిస్తుంది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగా ఆ బైట్లు పెట్టడం లేదు. పాత మెషీన్లు వాడే చోట ఇది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

## ఎవరూ ముట్టుకోలేదు, అయినా పడిపోయింది

కోడ్ మారకపోయినా దాన్ని చదివేవాడు మారవచ్చు. పీహెచ్‌పీ 7.4కు అధికారిక భద్రతా అప్‌డేట్లు 2022 నవంబర్‌తో ఆగిపోయాయి. పాత వెర్షన్లు ఉంచడం ప్రమాదం కాబట్టి హోస్టింగ్ కంపెనీలు సర్వర్లను 8కి మారుస్తాయి. ముందుగా మెయిల్ పెడతాయి కూడా. ఆ మెయిల్ మళ్లీ అదే పాత చిరునామాకు వెళ్తుంది.

పీహెచ్‌పీ 8.0లో కొన్ని పాత పద్ధతులను పూర్తిగా తీసేశారు. ఒక పదంలో మొదటి అక్షరాన్ని ఫ్లవర్ బ్రాకెట్‌తో తీసుకోవడం వాటిలో ఒకటి. 'మ్యాచ్' అన్న మాటను భాష తన సొంతానికి ఉంచుకోవడంతో, ఆ పేరుతో క్లాస్ రాసుకున్న పాత ప్లగిన్లు ఆ పూటే సింటాక్స్ ఎర్రర్ ఇచ్చాయి. పదేళ్లుగా నడుస్తున్న కోడ్‌లో తప్పు లేదు, కాలం చెల్లింది అంతే.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. హోస్టింగ్ కంట్రోల్ పేజీ అయిన సీ-ప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్‌ను తాత్కాలికంగా పాతదానికి మారిస్తే సైట్ లేచి కూర్చుంటుంది. అక్కడితో వదిలేస్తే మాత్రం మద్దతు లేని పాత వెర్షన్ మీద నడుస్తున్న సైట్ వచ్చే ఏడాది హ్యాకర్ల జాబితాలో ఉంటుంది. పాత ప్లగిన్‌ను మార్చేదాకా ఊపిరి తీసుకోవడానికే ఆ మార్పు.

అప్‌డేట్ మధ్యలో డిస్క్ కోటా, అంటే హోస్టింగ్‌లో మనకిచ్చిన చోటు, నిండిపోవడం ఇంకో కారణం. ఫైల్ సగం రాశాక చోటు అయిపోతే ఆ సగం ఫైలే మిగులుతుంది. సున్నా బైట్ల ఫైళ్లు కనిపిస్తే మొదట చూడాల్సింది కోటానే.

## హ్యాక్ అయిన సైట్లో సింటాక్స్ ఎర్రర్ ఎందుకు వస్తుంది

ఇక అసలు చిక్కుముడి ఇక్కడుంది. దొంగ కోడ్ పెట్టేవాడి లాభం సైట్ మామూలుగా నడవడంలోనే ఉంది. సైట్ పడిపోతే యజమాని మేల్కొంటాడు. మరి ఎర్రర్ ఎందుకు వస్తుంది? పని మనిషి చేయడు కాబట్టి. ఆటోమేటిక్ స్క్రిప్టులు వేల సైట్లలో, ప్రతి సైట్లో వందల ఫైళ్లలో ఒకే ముక్కను అతికిస్తూ పోతాయి. ఏ ఫైల్ ఎలా మొదలవుతుందో చూసే ఓపిక వాటికి ఉండదు.

చాలా దొంగ కోడ్ ఫైల్ మొదట్లో అతుక్కుంటుంది. పాత తరహా ఫైళ్లలో అది సరిపోయేది. ఇప్పటి ప్లగిన్ ఫైళ్లు చాలావరకు నేమ్‌స్పేస్ ప్రకటనతో, అంటే ఫైల్‌లోని పేర్లు ఏ గుంపువో చెప్పే వాక్యంతో, మొదలవుతాయి. ఫైల్‌లో అదే మొట్టమొదటి వాక్యంగా ఉండాలన్నది పీహెచ్‌పీ నియమం. దొంగ ముక్క దానికి ముందు చేరగానే ఫేటల్ ఎర్రర్ పడుతుంది. సాంకేతికంగా దీన్ని సింటాక్స్ ఎర్రర్ అనకూడదు, కానీ యజమానికి కనిపించేది అదే తెల్ల పేజీ. అప్‌డేట్ జరగని ప్లగిన్‌లో 'నేమ్‌స్పేస్ మొదటిది కావాలి' అన్న ఎర్రర్ హఠాత్తుగా వస్తే, పైన చెప్పిన నోట్‌ప్యాడ్ కనిపించని బైట్ల తర్వాత అనుమానించాల్సింది హ్యాక్‌నే.

రెండు ముఠాలు ఒకే సైట్లో దూరడమూ మామూలే. 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో పెద్ద లోపం బయటపడింది. అప్పటికి ఆ ప్లగిన్ 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. ఆ దాడుల్లో ఒక ముఠా తాను దూరిన దారికి తానే పాస్‌వర్డ్ పెట్టి మిగతా దొంగలను ఆపే ప్రయత్నం చేసింది. ఒకరి ముక్క మీద ఇంకొకరి ముక్క అతుక్కున్నప్పుడు, ఒకరిది ఇంకొకరు తీసేయబోయినప్పుడు బ్రాకెట్లు తెగిపోతాయి.

శుభ్రం చేసే క్రమంలో పుట్టే ఎర్రర్లు కూడా తక్కువేం కావు. హోస్టింగ్ వైపు యాంటీవైరస్ అనుమానం ఉన్న ఫైల్‌ను ఖాళీ చేయవచ్చు, లేదా పక్కకు తీసేయవచ్చు. ఆ ఫైల్‌ను పిలిచే మిగతా కోడ్ 'ఫైల్ లేదు' అని కుప్పకూలుతుంది. ఎవరో రాసిన క్లీనింగ్ స్క్రిప్ట్ దొంగ కోడ్‌ను కోస్తూ కోస్తూ పక్కనున్న మంచి కోడ్‌లో ఒక బ్రాకెట్‌ను కూడా తీసుకుపోతుంది.

సర్వర్ తప్పులను రాసిపెట్టే ఎర్రర్ లాగ్‌లో ఒక ఆనవాలు మాత్రం చాలా స్పష్టంగా దొరుకుతుంది. ఫైల్ పేరు, దాని పక్కన బ్రాకెట్లో ఒక అంకె, తర్వాత 'ఇవాల్డ్ కోడ్, లైన్ 1' అని ఉంటుంది. ఇవాల్ అంటే పదాల రూపంలో దాచిన కోడ్‌ను అప్పటికప్పుడు నడిపే సాధనం. మామూలు ప్లగిన్లలో దాని అవసరం అరుదు. దొంగ కోడ్‌కు అదే ఊపిరి: అసలు కోడ్‌ను బేస్64 లాంటి రూపంలోకి మార్చి, అర్థం కాని అక్షరాల దండగా పెట్టి, ఇవాల్‌తో విప్పుకుంటుంది. ఆ దండలో ఒక్క అక్షరం తెగితే లోపలి కోడ్ చెడిపోయి, ఎర్రర్ ఇవాల్ పేరు మీద బయటపడుతుంది.

ఫైల్ తెరిచినా అది కళ్లకు పడకపోవచ్చు. మొదటి లైన్‌లో రెండు మూడు వందల ఖాళీలు వదిలి ఆ తర్వాత కోడ్ పెడతారు. తెర వెడల్పు దాటిపోవడంతో లైన్ ఖాళీగా కనిపిస్తుంది. ఎడిటర్‌లో పొడవైన లైన్లను మడిచి చూపే ఆప్షన్ పెట్టగానే ఆ గుట్టు రట్టవుతుంది. ఫైల్ తేదీని కూడా నమ్మలేం, దాన్ని వెనక్కి జరపడం ఒక్క ఆదేశంతో అయ్యే పని.

## 'బ్రాకెట్ పెట్టాం, సైట్ వచ్చేసింది'

సైట్ రాగానే పని అయిపోయిందనుకోవడం దగ్గరే చాలా సైట్లు రెండోసారి దెబ్బతింటాయి. సింటాక్స్ ఎర్రర్ ఉన్న ఫైల్‌లో మంచి కోడ్‌తో పాటు దొంగ కోడ్ కూడా నడవదు. ఆ లెక్కన ఎర్రర్ కొన్ని గంటల పాటు కాపలా కాసినట్టే. విరిగిన బ్రాకెట్‌ను అతికించి సైట్‌ను లేపితే దొంగ కోడ్‌కు కూడా దారి ఇచ్చినట్టవుతుంది. ఈసారి తప్పులు లేకుండా నడుస్తుంది కాబట్టి ఎర్రర్ రాదు, ఎవరికీ తెలియదు.

తెలియకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యజమాని సైట్‌ను దుకాణంలోని కంప్యూటర్లో, అడ్మిన్‌గా లాగిన్ అయి చూస్తాడు. దొంగ కోడ్ చాలాసార్లు లాగిన్ అయినవాళ్లకు కనిపించదు. ఫోన్‌లో గూగుల్ వెతుకులాట ద్వారా వచ్చేవాళ్లను మాత్రమే బెట్టింగ్ సైట్లకో, నకిలీ లాటరీ పేజీలకో మళ్లిస్తుంది. జగిత్యాల ఏజెన్సీ సైట్‌ను దుబాయ్ వెళ్లాలనుకునే కుర్రాడు ఫోన్‌లో తెరిస్తే ఎక్కడికో పోతాడు, ఏజెన్సీ వాళ్ల తెర మీద మాత్రం అంతా బాగుంటుంది. లాగిన్ లేని ఫోన్‌లో, వైఫై ఆపి మొబైల్ డేటా మీద, గూగుల్‌లో వెతికి వచ్చి చూస్తేనే నిజం తెలుస్తుంది. గూగుల్‌లో సైట్ పేరుతో వచ్చే పేజీల జాబితాలో జపనీస్ అక్షరాలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అది బాగా తెలిసిన హ్యాక్ రకమే.

కాబట్టి హ్యాక్ అని తేలితే మరమ్మతు కంటే మార్పిడే మేలు. ముందు ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ తీసి పెట్టుకోవాలి. పాడైన కాపీ ఎందుకని వదిలేస్తే, దొంగ ఏ దారిన వచ్చాడో చెప్పే సాక్ష్యం పోతుంది. సైట్‌కు ఎవరెవరు వచ్చారో రాసి ఉండే సర్వర్ యాక్సెస్ లాగ్‌లను కూడా వెంటనే దించుకోవాలి, షేర్డ్ హోస్టింగ్‌లో అవి కొద్ది రోజులే ఉంటాయి. ఆ తర్వాత వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లను, ప్రతి ప్లగిన్‌ను, థీమ్‌ను అధికారిక కాపీలతో పూర్తిగా మార్చేయాలి. పాత ఫోల్డర్ మీద కొత్తది పరిస్తే చాలదు, అసలు ప్యాకేజీలో లేని దొంగ ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. పాత ఫోల్డర్‌ను తీసేసి కొత్తది పెట్టాలి. కమాండ్ లైన్ ఉన్న హోస్టింగ్‌లో డబ్ల్యూపీ-సీఎల్ఐ సాధనంతో చెక్‌సమ్ (ఫైల్ వేలిముద్ర లాంటి అంకె) పోల్చి, వర్డ్‌ప్రెస్ ఫైళ్లలో ఏది మారిందో నిమిషంలో తెలుసుకోవచ్చు.

పీహెచ్‌పీకే ఉన్న తనిఖీ ఆదేశం, అంటే పీహెచ్‌పీ -ఎల్, ఇక్కడ బాగా పనికొస్తుంది. అది ఫైల్‌ను నడపకుండా వ్యాకరణం మాత్రమే చూస్తుంది. అందువల్ల పాడైన ఫైళ్ల మీద కూడా భయం లేకుండా వాడవచ్చు. కానీ దాని మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలిసి ఉండాలి. 'తప్పులు లేవు' అంటే బ్రాకెట్లు సరిపోయాయని మాత్రమే. చక్కటి వ్యాకరణంతో రాసిన దొంగ కోడ్‌కు కూడా అది అదే సర్టిఫికెట్ ఇస్తుంది.

మార్చడానికి వీల్లేనివి రెండు: ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్, డేటాబేస్. అప్‌లోడ్స్‌లో ఫొటోలు, పీడీఎఫ్‌లే ఉండాలి. ఒకటి రెండు ప్లగిన్లు ఖాళీ ఇండెక్స్ ఫైల్ పెట్టుకుంటాయి, అంతకు మించి అక్కడ పీహెచ్‌పీ ఫైల్ కనిపిస్తే అది చుట్టం కాదు. డేటాబేస్‌లో తెలియని అడ్మిన్లు ఎవరైనా ఉన్నారేమో చూడాలి. వర్డ్‌ప్రెస్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లోని 8 రహస్య తాళాలు మార్చేస్తే లోపల లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ, దొంగతో సహా, బయటపడతారు. పాస్‌వర్డ్‌లన్నీ ఆ తర్వాత మార్చాలి, హోస్టింగ్‌ది కూడా. కాన్ఫిగ్ ఫైల్‌లో ఎర్రర్ వచ్చిందని దాన్ని మొత్తంగా ఏ ఏఐ చాట్‌లోనో, వాట్సాప్ గ్రూప్‌లోనో అతికించడం పనికిరాదు. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ బహిరంగంగా రాసి ఉంటుంది.

డబ్బు పెట్టి కొనే థీమ్‌ను టెలిగ్రామ్‌లో ఉచితంగా దించుకుని పెట్టిన సైట్లలో ఈ పనంతా ఒక పూట కూడా నిలవదు. డబ్ల్యూపీ-వీసీడీ అనే దొంగ కోడ్ ముఖ్యంగా ఇలాంటి క్రాక్ థీముల ద్వారానే వ్యాపించిందని 2019లోనే బయటపడింది. థీమ్‌తోనే వచ్చిన కోడ్‌ను శుభ్రం చేసి, మళ్లీ అదే థీమ్ ఎక్కిస్తే దొంగను పిలిచి పీట వేసినట్టే.

## ఎవరికి చెప్పాలి

సైట్ ద్వారా కస్టమర్ల డబ్బు పోయినా, వాళ్ల వివరాలు పోయినా 1930 నంబర్‌కు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. వెబ్‌సైట్‌లోకి చొరబడటం, దాన్ని మార్చేయడం లాంటి ఘటనలను తెలిసిన 6 గంటల్లోగా తమకు తెలపాలని సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో కంపెనీలకు, సర్వీస్ ప్రొవైడర్లకు ఆదేశాలిచ్చింది. వాళ్లు లాగ్‌లు 180 రోజులు దాచాలన్నది కూడా వాటిలో ఉంది. గూగుల్ సైట్ మీద ఎర్ర హెచ్చరిక పెట్టి ఉంటే అది దానంతట అది వెంటనే పోదు. శుభ్రం చేశాక, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సెక్యూరిటీ ఇష్యూస్ పేజీ నుంచి మళ్లీ పరిశీలించమని అడగాలి. దొంగ ఫైల్ ఒక్కటి మిగిలి ఉండగా అడిగితే అభ్యర్థన తిరస్కరిస్తారు.

అడగడానికి ముందు ఒకటి రెండు రోజులు ఆగి చూడటం అందుకే మంచిది. మార్చిన ఫైళ్లలో రెండు మూడింటి సైజును బైట్లతో సహా రాసి పెట్టుకుని, మర్నాడు పొద్దున పోల్చి చూడాలి. అదే ఫైల్‌లో, అదే లైన్‌లో ఎర్రర్ మళ్లీ వచ్చినా, రాత్రికి రాత్రి సైజు మారినా, వెనుక తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు. అప్పుడు చూడాల్సింది ఆ ఫైల్‌ను కాదు, దాన్ని తిరిగి రాస్తున్నది ఎవరన్నది. సీ-ప్యానెల్‌లో క్రాన్ జాబ్స్ (టైమ్ ప్రకారం వాటంతట అవే నడిచే పనులు) జాబితా, మస్ట్-యూజ్ ప్లగిన్ల (ఎప్పుడూ నడిచే ప్లగిన్ల) ఫోల్డర్, అదే అకౌంట్ కింద ఎప్పుడో ట్రయల్ కోసం పెట్టి వదిలేసిన రెండో సైట్. చాలాసార్లు దొరికేది ఆ మూడో చోటే.